పదిహేనో పొట్లం

“ఈ లోకంలో ఇద్దరి దగ్గరే ఏదీ దాగదు. ఒకరు ఆ పైవాడు. రెండోవాడి పేరు నా నోటితో నేనే చెప్పుకుంటే బాగుండదు,” అని వగీహ్ ఫర్గలీ కుర్చీలో వెనక్కి వాలాడు.

కుర్చీ అతననుకున్నదాని కంటే ఎక్కువ వాలింది. పక్క సీటులో ఉన్న నెర్మీన్ వచ్చి ముందు కుర్చీని లేపి, తర్వాత అతన్ని లేపి, మళ్ళీ తన పనిలో పడింది. నాలుగేళ్ళుగా ఆ పక్క సీటు ఆమెది. ఆ నాలుగేళ్ళలో ఆమె నేర్చుకున్న ప్రోగ్రామింగ్ కొంత, ఎత్తిన కుర్చీలు చాలా.

కైరోలో దొక్కీ పేటలో, నాలుగో అంతస్తులో ఉన్న ఆ ఆఫీసులో ఆస్పత్రులకీ బళ్ళకీ ప్రోగ్రాములు రాస్తారు. మొత్తం పద్నాలుగు మంది. వగీహ్ వాళ్ళలో సీనియర్. కానీ అది పొట్టకూటి కోసం చేసే పని అనీ, తన అసలు వృత్తి నేరపరిశోధన అనీ అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని కార్డు మీద అచ్చు కూడా వేయించాడు: “వగీహ్ ఫర్గలీ. నేరం ఎంత లోతున ఉన్నా నా చెయ్యి అంతకంటే పొడుగు.” ఇంతవరకూ ఛేదించిన కేసు ఒకటే. కిందటేడు మాయమైన స్టేప్లర్‌ని తొమ్మిది రోజుల దర్యాప్తు తర్వాత తన సొరుగులోనే పట్టుకున్నాడు. దాన్ని అక్కడ పెట్టిన అజ్ఞాత వ్యక్తి కోసం వేట ఇంకా సాగుతూనే ఉంది.

“ఇప్పుడేమైంది?” అంది నెర్మీన్ తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

“మన మధ్య ఒక ఆడది ఉంది.”

“నలుగురం ఉన్నాం.”

“మీరు కాదు. కంటికి కనిపించని మనిషి. ఒంటికి వాసన లేని మనిషి. పేరు ఇన్షిరాహ్.” గొంతు తగ్గించి, “ఆ పేరు గట్టిగా అనకు. గోడలకి చెవులుంటాయి,” అని తనే నలుగురికీ వినపడేట్టు మరోసారి అన్నాడు.

మధ్యాహ్నం తిండి సంగతి చూసే ప్రోగ్రాం వగీహ్ సొంత సృష్టి. ఎవరికేం కావాలో పొద్దున్నే అందులో నొక్కితే, పదకొండున్నరకి జాబితా ఉడికించిన చిక్కుడుగింజలతో ఫూల్ చేసే కింది కొట్టుకి వెళ్తుంది. కొట్టతను ఒక్కో పొట్లం మీద ఒక్కో పేరు రాసి కడతాడు. ఆఫీసులో టీ కాచే మహ్రూస్ బాబాయ్ వెళ్ళి తెచ్చి పంచుతాడు. నొక్కడం మరిచిపోయినవాళ్ళు పస్తుండకూడదని, పక్కన తిండి పేరేదీ లేని ప్రతి పేరుకీ ప్రోగ్రామే రెండు ఫూల్ శాండ్‌విచ్‌లు, ఒక తామియా వడ వేసేస్తుంది.

ఆ ఆదివారం తన శాండ్‌విచ్‌లో తహీనా అనే నువ్వుల ముద్ద తక్కువైందని పోట్లాడటానికి వగీహ్ స్వయంగా కొట్టుకి దిగాడు. అక్కడ మేకుకి గుచ్చిన జాబితాలో పద్నాలుగు పేర్లకి బదులు పదిహేను కనిపించాయి. చివరిది ఇన్షిరాహ్, రెండు ఫూల్, ఒక తామియా. పాత జాబితాలు తిరగేస్తే ఇరవై మూడు పనిరోజులుగా అదే తంతు.

“దీన్ని శాండ్‌విచ్ గొడవ అనుకుంటున్నావు కదూ?” అన్నాడు వగీహ్.

“అవును.”

“అక్కడే సామాన్యులు పప్పులో కాలేస్తారు. ఇది గూఢచర్యం. ఎవరో పోటీ కంపెనీవాళ్ళు మన వ్యవస్థ నట్టింట్లోకి ఒక మనిషిని దింపారు. మన గుట్టంతా లాగేస్తోంది.”

“గుట్టు లాగడానికొచ్చినావిడ రోజూ మన లెక్కలోనే ఫూల్ తెప్పించుకుంటుందా?”

“ఆకలి నేరస్థుల బలహీనత. రాసుకో.”

నెర్మీన్ రాసుకోలేదు. “మీ లూప్ ఒకసారి చూపించండి,” అంది.

అతని ముఖం ముడుచుకుంది. దానికొక పాత కథ ఉంది.

వాళ్ళు రాసే భాషలో ప్రతిదాని రకమూ ముందే చెప్పి తీరాలి. ఈ ఆబ్జెక్టు అనే పెట్టెలో ఈ పద్నాలుగు పేర్లున్నాయి, ఒక్కో పేరు పక్కన ఒక తిండి ఉంది అని చెబితే, రాసినదాన్ని సరిచూసే కంపైలర్ దాన్ని గుర్తు పెట్టుకుని, తప్పు జరగబోయేచోట ఎర్రగీత గీస్తుంది. ఆ పేర్లని ఒక్కొక్కటే బయటికి తీసే లూప్ వగీహ్ రాసిన రోజున కంపైలర్ ఎర్రగీత గీసి మర్యాదగానే అభ్యంతరం చెప్పింది. లోపల్నుంచి వచ్చేది ఏదో ఒక మాట అని మాత్రమే నాకు తెలుసు, అది మీ పద్నాలుగింట్లో ఒకటే అని నేను హామీ ఇవ్వలేను, అంది. అందులో అబద్ధమేమీ లేదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ ఆబ్జెక్టుకి ఇంకెవరైనా ఇంకేమైనా తగిలించి ఉండొచ్చు. పైగా వగీహ్ వాడిన రకం లూప్ సొంత పేర్లతో ఆగదు. ఆ ఆబ్జెక్టు వంశంలో పైవాళ్ళు ఏమైనా ఇచ్చిపోయి ఉంటే వాటినీ ఏరుకొస్తుంది. “సొంత పేర్లు మాత్రమే అడగండి, వచ్చిన ప్రతి పేరూ జాబితాలో ఉందో లేదో చూసుకుని అప్పుడు వాడండి. రెండు లైన్ల పని,” అని నెర్మీన్ ఆనాడే చెప్పింది.

“ఈ వగీహ్‌కి ఎదురు చెప్పే కంపైలర్ ఇంకా పుట్టలేదు,” అని అతను, ఇవన్నీ నావాళ్ళే, నమ్ము అని కంపైలర్ నోరు మూయించే ముక్క ఒకటి తగిలించాడు. ఎర్రగీత పోయింది. కేసులో ఉన్న ఒకే ఒక్క నిజాయితీపరుడైన సాక్షి నోట్లో గుడ్డలు కుక్కి, ఆ తర్వాత సాక్షులు లేరని వాపోయే డిటెక్టివ్‌ని దొక్కీ అంతకుముందు ఎరగదు.

“లూప్ చూపించడం కుదరదు. అది నేరస్థలం,” అన్నాడు ఇప్పుడు. “దర్యాప్తు పూర్తయ్యేదాకా దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు.”

వెంటనే ఆ ప్రోగ్రాముకి కొత్త తాళం వేశాడు. తాళం మరిచిపోతే అడగడానికి ఒక ప్రశ్న పెట్టుకోమంది కంప్యూటర్. మీ అమ్మ పేరేమిటి అన్న ప్రశ్న ఎంచుకుని, కోటు తీసి తలమీంచి కప్పుకుని, లోపల్నుంచి టైపు చేశాడు.

“చూశావా?” అన్నాడు బయటికొచ్చి.

“కోటు చూశాను.”

“చాలు. అమ్మ పేరు బయటపడిందంటే మగాడు వీధిలో తలెత్తుకు తిరగలేడు.”

ఈ ఒక్క విషయంలో అతను వింత మనిషేమీ కాదు. నెర్మీన్ అన్నదమ్ములు కూడా బడిలో ఉన్నప్పట్నుంచీ అమ్మ పేరు అలాగే దాచుకుంటున్నారు కాబట్టి ఆమె తెర వైపు తిరిగింది.

సాయంత్రానికి మీటింగు గదిలో బోర్డు నిండా ఎర్ర అక్షరాలు వెలిశాయి. ఎవరీ ఇన్షిరాహ్, అని పైన. కింద నల్లకళ్ళద్దాల ఆడమనిషి బొమ్మ. బొమ్మకి మీసాలు కూడా ఉన్నాయి. అది మారువేషమని వగీహ్ చెప్పాడు. మార్కరు జారి ఉంటుందని నెర్మీన్ అనుకుంది.

“ఇక ప్రశ్నల్లా ఒకటే. ఆ పొట్లం ఎవరి కడుపులోకి పోతోంది?” అన్నాడు వగీహ్. అనడమే ఆలస్యం, వంటగదిలోకి నడిచాడు.

మహ్రూస్ బాబాయ్ గ్లాసులు తొలుస్తున్నాడు. పదకొండేళ్ళుగా ఆ ఆఫీసులో ఎవరి టీలో ఎన్ని చెంచాల చక్కెరో అడగకుండా వేసే మనిషి. అరవై ఒకటి దాటింది. మోకాళ్ళు పట్టేశాయి. ఇక్కడ వద్దంటే ఇంకెక్కడా రమ్మనే వయసు కాదు.

“ఇన్షిరాహ్ ఎవరు?” అన్నాడు వగీహ్, ముఖంలో ముఖం పెట్టి.

“నాకు తెలీదు, ఇంజినీరు బాబూ.”

“ఆ పొట్లం రోజూ నువ్వే తెస్తున్నావు.”

“తెస్తున్నాను.”

“ఏం చేస్తున్నావు?”

బాబాయ్ గ్లాసు తుడిచి బోర్లించాడు. “చేరాల్సినచోటికి చేరుతోంది బాబూ.”

“ఎక్కడికి?”

“చేరాల్సినచోటికి.”

వగీహ్ గిరుక్కున తిరిగి నెర్మీన్‌తో, “ఒప్పుకున్నట్టే. ముఠా భాష మాట్లాడుతున్నాడు,” అన్నాడు.

కంపెనీ యజమాని తలాత్ బే, అంటే అక్కడి వాడుకలో తలాత్ గారు, ఊళ్ళో లేడు. రెండున్నర నెలల కిందట ఆయన తల్లి పోయింది. ఆఫీసంతా పరామర్శకి వెళ్ళొచ్చింది. ఆవిడ పేరున ఉమ్రా యాత్ర చెయ్యడానికి ఆయన మక్కా వెళ్ళి వారమైంది. వగీహ్ అక్కడికి ఫోన్ చేసి, “ఇంటిదొంగ దొరికాడు, మహ్రూసే, వెనక పెద్ద ముఠా ఉంది, వాళ్ళ పేర్లు ఫోన్లో చెప్పేవి కావు,” అని ఊదరగొట్టాడు. ప్రార్థనకి పరుగెడుతున్న ఆ మనిషి, “గురువారం వస్తున్నాను. దొంగతనమే అయితే మహ్రూస్‌ని ఇక ఉంచుకోలేం. అప్పటిదాకా ఎవరూ ఏమీ అనకండి,” అని పెట్టేశాడు.

ఆ ఆఖరి వాక్యం వగీహ్ చెవిన పడలేదు. టీ తెచ్చిన ప్రతిసారీ బాబాయ్ చేతులకేసి కళ్ళు చిట్లించి చూడసాగాడు. ఆఫీసులో కొందరు తమ టీ తామే కలుపుకోవడం మొదలుపెట్టారు. అది చూసి నెర్మీన్‌కి ఒళ్ళు మండింది.

సోమవారం మధ్యాహ్నం వగీహ్ జెల్లబియ్యా, అంటే మడమల దాకా ఉండాల్సిన పొడుగు అంగీ, వేసుకొచ్చాడు. అది పొట్టిదై, కింద ఆఫీసు ప్యాంటూ మెరుగు పెట్టిన బూట్లూ కనిపిస్తున్నాయి. నల్లకళ్ళద్దాలు. చేతిలో వారం నాటి పేపరు.

“నీడలా వెంటాడబోతున్నాను. నువ్వు సాక్షివి, రా,” అన్నాడు.

“నాకు పనుంది.”

“నువ్వు రాకపోతే రిపోర్టులో నీ పేరు కూడా రాయాల్సొస్తుంది.”

లిఫ్టులో అద్దం కింద అంటించిన కాగితాన్ని అతను అలవాటుగా పైకి చదివాడు: “ఇది ఎక్కినవాళ్ళు ఈ లిఫ్టు పెట్టించిన పిల్లల తండ్రి, స్వర్గస్థుడైన హాజీ బయూమీ కోసం ఒక ఫాతిహా ప్రార్థన చదవండి.” రోజుకి నాలుగుసార్లు చదువుతాడు. చదివినదాని గురించి ఆలోచించడం అతని దర్యాప్తు పద్ధతిలో లేదు.

కింద కాపలా అతను లేచి నిలబడి, “సలాం, వగీహ్ గారూ. జెల్లబియ్యా పొట్టయిందే,” అన్నాడు. మందులషాపులోంచి ఒకతను, “వగీహ్ బే, ఎవరింట్లో పెళ్ళి?” అన్నాడు. అతను ఎవరికీ జవాబు చెప్పలేదు. మారువేషంలో ఉన్నవాడు జవాబు చెప్పడు.

ముందు మహ్రూస్ బాబాయ్ బూడిదరంగు జెల్లబియ్యాలో, చేతిలో పొట్లంతో నడుస్తున్నాడు. వీధి మలుపులో కూరల బండి అడ్డం వచ్చింది. బండి తప్పుకునేసరికి ముందు మరో బూడిదరంగు జెల్లబియ్యా, చేతిలో మరో పొట్లం. వగీహ్ దాని వెంట పడ్డాడు. “బాబాయ్ అటు కాదు,” అని నెర్మీన్ అనేలోపే ఆ మనిషి మంగలి షాపులోకి దూరాడు. వగీహ్ కూడా దూరి, పక్క కుర్చీలో కూర్చుని ముఖానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మంగలి పేపరు లాగేసి, “గడ్డం, మీసం రెండూనా?” అన్నాడు. గుట్టు బయటపడకుండా వగీహ్ తలూపాడు.

నెర్మీన్ బయటే నిలబడి వీధి ఆ చివరకి చూసింది. మసీదు మూలన టిష్యూ ప్యాకెట్లు అమ్మే ముసలమ్మ ఒకావిడ కూర్చుంటుంది. మహ్రూస్ బాబాయ్ మోకాళ్ళు పట్టుకుని ఆవిడ పక్కన కూలబడి, పొట్లం విప్పి ఒళ్ళో పెట్టాడు. ఆవిడ ఏదో అంది. ఆయన నవ్వాడు. లేచేటప్పుడు నెర్మీన్ ఆయన కంటపడింది. ఆయన వేలు పెదాల మీద పెట్టుకుని, వచ్చిన దారినే పోయాడు.

కాసేపటికి వగీహ్ బయటికొచ్చాడు. ఇరవై ఏళ్ళుగా పెంచిన మీసం లేదు. చెవి దగ్గర సబ్బు నురగ ఉంది. అది తుడుచుకోవడానికి సరాసరి వెళ్ళి ముసలమ్మ దగ్గర ఒక టిష్యూ ప్యాకెట్ కొన్నాడు.

“అవ్వా, ఈ వీధిలో అనుమానాస్పదంగా తిరిగే మనిషి ఎవరైనా కనిపించారా? పేరు ఇన్షిరాహ్.”

ముసలమ్మ నములుతూనే అతన్ని ప్యాంటు నుంచి కళ్ళద్దాల దాకా చూసింది. ఆవిడ ఒళ్ళో కాగితం మీద నల్ల పెన్నుతో రాసిన ఇన్షిరాహ్ అన్న పేరు అతనికేసే తిరిగి ఉంది.

“అలాంటివాణ్ణి ఇప్పుడే చూస్తున్నా నాయనా,” అంది.

“సాక్షికి మతి స్థిమితం లేదు. రాసుకో,” అన్నాడు వగీహ్. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినవాణ్ణి ఎగతాళి చేస్తారు గానీ, వాడికి కనీసం చంకలో బరువైనా తెలిసి ఉంటుంది.

నెర్మీన్ వంటగదిలో బాబాయ్‌ని నిలదీసింది. “చెప్పెయ్యొచ్చు కదా బాబాయ్? ఆకలిగొన్నావిడకి పెడుతున్నావు, ఇందులో దాచాల్సిందేముంది?”

“ఇచ్చింది చెప్పుకుంటే ఇచ్చినట్టు కాదమ్మా.”

“గురువారం నీ ఉద్యోగం పోతుంది.”

“తెలుసు.” ఆయన గ్లాసులో చక్కెర వేశాడు. “మా ఇంటిదానికి నిన్నట్నుంచి చెప్పలేకపోతున్నాను. ఆ ఒక్కటే బాధ. కానీ అది నా పొట్లం కాదు కదా ఇంజినీరమ్మా. నా పుణ్యమైతే పోతే పోనీ అని చెప్పేద్దును. ఇంకెవరిదో.”

“ఎవరిది?”

“నాకు తెలీదన్నాగా. నువ్వు కూడా చెప్పనని మాటివ్వు.”

ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చింది. మిగిలింది ఒకటే దారి. ఆ పేరు ఎక్కడ్నుంచి వస్తోందో కనిపెట్టాలి. లూపే తెస్తోందని ఆమెకి తెలుసు. ఎక్కడ్నుంచి తెస్తోందో ఆ ప్రోగ్రాం తెరిస్తే గానీ తెలియదు. మంగళవారం అడిగింది, బుధవారం బతిమాలింది. వగీహ్ మీసం లేని పెదవి మీద వేలు రాసుకుంటూ, “నేరస్థలం” అన్నాడు రెండుసార్లూ.

గురువారం పన్నెండింటికి తలాత్ బే వచ్చాడు. గుండు చేయించుకుని, చిక్కి, చేతిలో అందరికీ తెచ్చిన ఖర్జూరాల పెట్టెతో. పెట్టె బల్ల మీద పెట్టి, “తొందరగా కానిద్దాం,” అన్నాడు. ఈ పని ఆయనకి ఇష్టం లేదని ఆ గొంతే చెప్పింది.

మీటింగు గదిలో అందరూ చేరారు. బోర్డు మీద వగీహ్ ఒక దుప్పటి కప్పి ఉంచాడు, ఆఖరి క్షణంలో లాగి అందర్నీ దిగ్భ్రాంతుల్ని చెయ్యడానికి. మహ్రూస్ బాబాయ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. వంటగది తాళాలు అప్పటికే ఒక కవరులో పెట్టి చేత్తో పట్టుకున్నాడు. ఆ కవరు చూడలేక నెర్మీన్ కిటికీ వైపు తిరిగింది.

“మిత్రులారా,” అని మొదలుపెట్టాడు వగీహ్. “ప్రతి నేరమూ ఒక సంతకం వదులుతుంది. ప్రతి దొంగా ఒక నీడ వదులుతాడు. ఆ నీడ నీడలో నేను నిలబడి—”

“విషయానికి రా,” అన్నాడు తలాత్ బే.

“వస్తున్నా. ఇరవై ఏడు రోజులుగా మన జాబితాలో ఒక దొంగపేరు చేరుతోంది. అది దానంతటది రాదు. ఎవరో చేత్తో చేర్చాలి. ఎవరు చేర్చారు? దాని మీద రోజూ ఎవరు తింటున్నారో వాళ్ళే.” బాబాయ్ వైపు వేలు చూపించాడు. “యంత్రం తప్పేమీ లేదని ముందు మీకు రుజువు చేస్తాను. ఇదిగో, ఒక ఖాళీ ఆబ్జెక్టు. ఏ పేరూ లేదు, ఏ తిండీ లేదు. ఉత్త డొల్ల. దీని మీద నా లూప్ నడుపుతాను. ఏం వస్తుంది? ఏమీ రాదు. శూన్యం.”

లాప్‌టాప్ మీద మీట నొక్కాడు. ప్రొజెక్టరు గోడ మీద, నిలువెత్తు అక్షరాల్లో ఒకే ఒక్క పేరు వచ్చింది.

ఇన్షిరాహ్.

వగీహ్ మళ్ళీ నొక్కాడు. ఇన్షిరాహ్. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. ఖాళీ పెట్టెలోంచి ఆవిడ పిలిచినప్పుడల్లా పలికింది.

“ఖాళీదాంట్లోంచి కూడా వస్తోందంటే,” అంది నెర్మీన్ మెల్లిగా, తనలో తను అనుకున్నట్టు, “ఆ పేరు జాబితాలో లేదు. మూలంలో ఉంది. అన్ని ఆబ్జెక్టులూ ఎక్కడ్నుంచి పుడతాయో అక్కడ.”

“చూశారా, ఎంత లోతుకి చొరబడిందో,” అన్నాడు వగీహ్ వెంటనే తేరుకుని. “మూలానికే ఎసరు పెట్టిన కరుడుగట్టిన నేరస్థురాలు ఈ ఇన్షిరాహ్. ఇదిగో ఆవిడ అసలు రూపం.” అని దుప్పటి లాగాడు.

నల్లకళ్ళద్దాలు, మీసాలు, ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. తలాత్ బే చాలాసేపు ఆ బోర్డు వంక చూశాడు. తర్వాత గోడ వంక చూశాడు. కుర్చీలో వెనక్కి జారబడ్డాడు.

“అది మా అమ్మ పేరు,” అన్నాడు.

అందరికీ ఆవిడ ఉమ్మ్ తలాత్, తలాత్ వాళ్ళమ్మ. పరామర్శ గుడారం బయట బోర్డు మీద కూడా అంతే ఉంది. ఆవిడకి ఇంకో పేరు ఉంటుందని ఎవరికీ తట్టలేదు, ఎవరూ అడగలేదు, అడగరు.

“ఆవిడ పోయిన నలభయ్యో రోజు అయిన మర్నాడు వచ్చాను,” అన్నాడాయన, ఎవరి ముఖమూ చూడకుండా. “శుక్రవారం సెలవు, ఆఫీసులో ఎవరూ లేరు. మన ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఉండే ఫైలు తెరిచి, అన్నిటికీ మూలమైన చోట ఆవిడ పేరు రాసి, పక్కన ఫాతిహా అని రాశాను. ఆస్పత్రిలో ఏ రోగి పేరు తెరిచినా, బడిలో ఏ పిల్ల పేరు తెరిచినా, అడుగున ఆవిడ ఉంటుంది కదా అని. నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోలేని పేరు. అక్కడైతే భద్రంగా ఉంటుందనుకున్నాను. ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసిన ఏ ప్రోగ్రామూ అంత పైదాకా వెళ్ళి తడమదు.”

అందరూ వగీహ్ వైపు చూశారు. అతను ఒక చేత్తో బోర్డు మీద మీసాలు తుడవడానికి ప్రయత్నిస్తున్నాడు. అవి చెరగని మార్కరుతో గీసినవి.

“మూలంలో ఏమీ రాయకూడదు కదండీ,” అంది నెర్మీన్. అనకుండా ఉండలేకపోయింది.

“తెలుసమ్మా. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పాఠం చెప్పేదే నేను.” ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. “తీసేస్తాను.” అప్పుడు గుర్తొచ్చినట్టు తలుపు వైపు తిరిగాడు. “మహ్రూస్, మరి ఆ తిండి ఏమైంది?”

బాబాయ్ కవరు నలుపుతూ నిలబడ్డాడు. మాట తప్పి నెర్మీన్ చెప్పింది, ముసలమ్మ సంగతీ, మసీదు మూలా, అంతా.

“నాకు ముందే తెలిసుంటుంది అనుకోకండి,” అన్నాడు బాబాయ్. “ఆఫీసులో లేని ఆడమనిషి పేరు, రోజూ తప్పకుండా తిండి, అడిగేవాళ్ళు లేరు. ఇంకేమవుతుంది బే? ఎవరో పోయినావిడ పేరున పెట్టుకుంటున్నారు. చెప్పకుండా పెట్టుకుంటున్నారంటే తెలియకూడదనే కదా. నేను కూడా నోరు మూసుకున్నాను. రోజూ పొట్లం ఇచ్చేటప్పుడు ఆ పేరు మాత్రం చెప్పేవాణ్ణి. అవ్వ తినేముందు చేతులెత్తి దువా చేసేది.”

“ఆ పేరుతోనా?”

“ఆ పేరుతోనే. నిన్నటికి ఇరవై ఆరు రోజులు.”

తలాత్ బే ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. కంపైలర్‌కి తెలియనిది, సీనియర్ ప్రోగ్రామర్‌కి అంతు చిక్కనిది, టీ కాచే మనిషి మొదటిరోజే కనిపెట్టి జేబులో పెట్టుకు తిరిగాడు.

“చివరికి కేసు తేలిపోయింది,” అన్నాడు వగీహ్ గొంతు సవరించుకుని. “ఆవిడ లోపలే ఉందని నేను మొదట్నుంచీ—”

“వగీహ్,” అన్నాడు తలాత్ బే.

“చిత్తం.”

“కూర్చో.”

కూర్చున్నాడు. కుర్చీ వాలింది. ఈసారి నెర్మీన్ లేవలేదు.

బాబాయ్ తాళాల కవరు చించి, తాళాలు జేబులో వేసుకుని, టీ పెట్టడానికి వెళ్ళబోయి తలుపు దగ్గర ఆగాడు. “ఒక్క మాట బే. ఇంజినీరమ్మ ఆ లూప్ బాగు చేస్తే ఆ పేరు ఇక రాదు కదా?”

“రాదు.”

“మరి ఆదివారం నుంచి అవ్వకి?”

తలాత్ బే గోడ మీద పేరుని చూశాడు.

“నెర్మీన్, మూలంలోంచి నేను తీసేస్తాను. నువ్వు జాబితాలో రాయి. అందరితో పాటు, పదిహేనో మనిషిగా,” అన్నాడు. “ఫూల్ వద్దు. అమ్మకి వేయించిన వంకాయ ఇష్టం. వెల్లుల్లి ఎక్కువ వెయ్యమను.”

ఆ మధ్యాహ్నమే నెర్మీన్ లూప్ తిరగరాసింది. సొంత పేర్లు మాత్రమే అడిగింది, వచ్చిన ప్రతి పేరునీ జాబితాతో సరిచూసింది, కంపైలర్ నోట్లో గుడ్డ పీకేసింది. ఖాళీ ఆబ్జెక్టు మీద నడిపితే ఏమీ రాలేదు. అసలు జాబితా మీద నడిపితే పదిహేను పేర్లూ వచ్చాయి, పదిహేనూ ఉండాల్సినవే. ఎర్రగీత ఎక్కడా లేదు.

బాబాయ్ మోకాళ్ళకి విశ్రాంతి అని పొట్లం మోసే పని తలాత్ బే వగీహ్‌కి అప్పగించాడు. ఆదివారం పన్నెండున్నరకి అతను మసీదు మూలకి వెళ్ళి, నిలబడే పొట్లం చాచాడు. ముసలమ్మ విప్పి వాసన చూసింది.

“వంకాయ,” అంది. “ఇన్నాళ్ళకి ఆవిడకేం ఇష్టమో ఎవరో అడిగినట్టున్నారు.” చేతులెత్తి ఆ పేరు పలికి, దువా ముగించి, అతన్ని ఎగాదిగా చూసింది. “ఆ నల్లకళ్ళద్దాలు లేకపోయినా నిన్ను గుర్తుపట్టాను నాయనా. రేపట్నుంచి కూర్చుని ఇవ్వు. ఆ పెద్దాయన అలాగే ఇచ్చేవాడు.”